నలభై తొమ్మిదో ఏట తెలుగు పలక పట్టిన ఫాదర్ హయ్యర్

గుంటూరు: అది 1842 జులై 31, ఆదివారం. నెల్లూరు మీదుగా వచ్చిన ఒక పరదేశి గుంటూరులో అడుగుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 49 ఏళ్లు. భార్య కన్నుమూసి మూడేళ్లయింది. బయలుదేరే ముందు అమెరికాలోని బాల్టిమోర్‌లో సంస్కృతం కొంత అభ్యసించినా గుంటూరు వీధుల్లో అది అక్కరకు రాలేదు. దుబాసీ తోడు లేనిదే ఎవరితోనూ మాట కలపలేని స్థితి. మనవళ్లకు అక్షరాలు దిద్దించవలసిన వయసులో ఆయన తానే అ ఆలు దిద్దుకోవడం మొదలుపెట్టారు. ఆంధ్రదేశంలో లూథరన్ సంఘానికి పునాది వేసిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ ఆయనే. జిల్లా వాసులకు ఆయన ఫాదర్ హయ్యర్.

హయ్యర్‌ను సువార్తికుడిగా, వైద్యుడిగా తలచుకునేవారు ఎక్కువ. నిజానికి ఆయన జీవితమంతా ఒక బడి చుట్టూ తిరిగింది. పసివాడి నుంచి పండు ముదుసలి వరకు ఎవరికి తగిన పాఠం వారికి అందాలన్నది ఆయన పట్టుదల. ఆ పాఠంలో తననూ ఒక విద్యార్థిగానే లెక్కించుకున్నారు.

1793 జులై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో ఆయన జన్మించారు. తండ్రిది ఉన్ని తోళ్ల వృత్తి. పసితనంలో బాప్తిస్మం పొందిన పిల్లలు ఎదిగిన తర్వాత విశ్వాస పాఠాలు నేర్చి, సంఘం ఎదుట తమ నోటితో ఒప్పుకోవడం లూథరన్ ఆచారం. 1807లో అది ముగించుకున్న హయ్యర్‌ను తల్లిదండ్రులు అదే ఏడాది ఫిలడెల్ఫియాలోని మేనమామ వద్దకు పంపించారు. నెపోలియన్ యుద్ధాలతో ఐరోపా అట్టుడుకుతున్న రోజులవి. అమెరికాలో కొంతకాలం సంఘ పాఠశాలలో పంతులుగా పనిచేశారు. జర్మనీ తిరిగి వెళ్లి గొట్టింగెన్‌లో వేదాంతం చదివి వచ్చారు. 1820లో గురుపట్టాభిషేకం జరిగింది. అంతకు ముందు ఏడాదే మేరీ వెబ్ గాష్ అనే వితంతువును ఆయన వివాహమాడారు.

ఆ తర్వాత రెండు దశాబ్దాలు గుర్రంపై తిరుగుడే. పెన్సిల్వేనియా, మేరీలాండ్ మొదలుకొని పడమటి సరిహద్దుల్లో కొత్తగా వెలుస్తున్న జర్మన్ పల్లెల వరకు ఆయన వెళ్లని చోటు తక్కువ. లూథరన్ సండే స్కూల్ యూనియన్ ప్రతినిధిగా వేల మైళ్లు ప్రయాణించి ఆదివారపు బడులు పెట్టించారు. పాస్టరు నెలకోసారి కూడా రాలేని పల్లెలో సంఘాన్ని నిలబెట్టేది ఆ బడేనని ఆయనకు అనుభవంలో తెలిసింది. గుంటూరుకు ఆయన మోసుకువచ్చిన అసలు సరుకు ఈ అనుభవమే.

1839లో మేరీ మరణించారు. తల్లిలేని పిల్లలను స్వదేశంలో విడిచి 1841 అక్టోబరులో బోస్టన్ రేవులో ఓడ ఎక్కారు. ఎక్కడో ఉన్న పిల్లలకు చదువు చెప్పడానికి సొంత పిల్లలను విడిచి వెళ్లిన ఆ తండ్రిని మెచ్చుకోవాలో, ప్రశ్నించాలో తేల్చుకోవడం ఈనాటికీ సులభం కాదు.

కలెక్టరు ఇచ్చిన బడి

హయ్యర్ గుంటూరులోనే ఆగిపోవడానికి అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ కారణం. ఆయన ఆదరించి, ఖర్చులకు సాయం చేస్తానని మాట ఇచ్చి, అప్పటికే నడుస్తున్న ఒక ఇంగ్లిషు బడిని హయ్యర్‌కు అప్పగించారు. దానికి తోడు హయ్యర్ తెలుగు బడులు తెరిచారు. ఆడపిల్లలకు వేరుగా ఒక బడి పెట్టారు. ఆడపిల్లకు చదువెందుకని పెద్దలు నిలదీసే రోజుల్లో అది చిన్న సాహసం కాదు. క్రైస్తవ ఉపాధ్యాయులు దొరకని ఆ కాలంలో మిషన్ బడుల్లో హిందూ పంతుళ్లు పాఠం చెప్పడం మామూలు సంగతి.

పదేళ్ల క్రితం, 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను పీనుగుల దిబ్బగా మార్చింది. హయ్యర్ వచ్చేనాటికి ఆ దెబ్బ నుంచి జిల్లా తేరుకోలేదు. ముష్టెత్తుకునే వారిని ఆయన ఒకచోట చేర్చి, బియ్యం పంచి, వారికి బైబిలు కథలు బోధించే ఏర్పాటు చేశారు. ఆకలితో ఉన్నవాడికి గింజలు చూపించి పాఠం చెప్పడం సబబా అన్న ప్రశ్న అప్పటి నుంచి ఉన్నదే. అందులో న్యాయం లేకపోలేదు. అయితే మిగతా లోకం గడప తొక్కనివ్వని మనుషులను బడిలో కూర్చోదగ్గవారుగా చూసినవారు ఆ రోజుల్లో అరుదన్నదీ కాదనలేని విషయం.

ఇంగ్లిషు కోసం పట్టణంలోని అగ్రవర్ణాల పిల్లలు బడికి వచ్చారు. చదువు తీసుకున్నారు, మతం తీసుకోలేదు. గుంటూరులో సంఘం మెల్లగానే పెరిగింది.

ఆరోగ్యం సహకరించక 1845లో హయ్యర్ అమెరికా వెళ్లారు. విశ్రాంతి తీసుకుంటారని అందరూ అనుకుంటే, బాల్టిమోర్‌లో వైద్య విద్యలో చేరారు. కొడుకు ఈడు కుర్రాళ్ల పక్కన కూర్చుని పాఠాలు విని పట్టా పుచ్చుకున్నారు. 1847లో 54వ ఏట మళ్లీ గుంటూరుకు ప్రయాణమయ్యారు.

పల్నాటి పల్లెల్లో

1849లో ఆయన మకాం గురజాలకు మారింది. సాగర్ కాలువలు రావడానికి వందేళ్లకు పైగా ముందు మాట. నాపరాళ్లు, మండే ఎండ, గుక్కెడు నీటికి కటకట. చాపకూడు పెట్టి అన్ని కులాలను ఒక పంక్తిన కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి కథను పాడుకునే ఆ సీమలోనే మాలపల్లెలు, మాదిగ పల్లెలు ఊరికి దూరంగా ఉండేవి. హయ్యర్ బోధకు ఎక్కువగా స్పందించింది ఆ పల్లెలే.

పట్టణంలో లేని కొత్త చిక్కు ఇక్కడ ఎదురైంది. గుంటూరులో బడికి వచ్చేది పిల్లలు. పల్లెలో తాత, కొడుకు, కోడలు, చంకలో బిడ్డ అంతా కలిసి వస్తారు. వారిలో ఒక్కరికీ అక్షరం రాదు. తరతరాలుగా వారిని అక్షరానికి దూరంగా ఉంచిన సమాజం అది. అలాంటి వారికి నీళ్లు చిలకరించి లెక్కల్లో రాసుకుంటే సంఘం ఏర్పడదు.

దీనికి లూథరన్ సంప్రదాయంలోనే ఒక జవాబు ఉంది. మార్టిన్ లూథరు జర్మనీలోని సాక్సనీ గ్రామాల్లో పర్యటించినప్పుడు అక్కడి రైతులకే కాదు, కొందరు గురువులకు కూడా కనీస విశ్వాస పాఠాలు తెలియవని గ్రహించారు. ఆ బాధతో 1529లో ప్రశ్నలు, జవాబుల రూపంలో చిన్న బోధ పుస్తకం రాశారు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, పాపపు ఒప్పుకోలు, ప్రభురాత్రి భోజనం అందులోని పాఠాలు. దాన్ని నేర్పవలసిన బాధ్యతను గురువుకు మాత్రమే కాక ఇంటి యజమానికీ అప్పగించారు. ఇంటి అరుగే బడి అన్నమాట.

చదువురాని పల్లెకు ఈ పద్ధతి సరిగ్గా సరిపోయింది. పుస్తకం పట్టలేనివాడు చెవితో నేర్చుకోగలడు. ఆంధ్ర మిషన్లలో స్థిరపడిన పద్ధతి ప్రకారం ఉపదేశి పల్లెలోనే కాపురముంటాడు. పగలు పిల్లలకు అక్షరాలు, లెక్కలు నేర్పుతాడు. పొలం పని నుంచి పెద్దలు తిరిగి వచ్చి సంకటి తిన్న తర్వాత దీపం వెలుగులో వారిని కూర్చోబెట్టి ప్రశ్న అడుగుతాడు, జవాబు వల్లె వేయిస్తాడు. వరుస కట్టి పాడే పాటలు ఆడవారి పాఠాలు. ఆదివారం అందరికీ కలిపి పరీక్ష లాంటిది. బడికి వెళ్లిన పిల్ల ఇంట్లో నాయనమ్మ తడబడిన చోట అందించేది. సండే స్కూలు, స్త్రీల సమాజం, యువజన సంఘం, సెలవుల బైబిలు బడి అంటూ నేడు లూథరన్ సంఘాల్లో వయసు వారీగా సాగుతున్న బోధ తరగతుల మూలాలు ఆ దీపం కింద ఉన్నాయి.

హయ్యర్ తెలుగు పండితుడు అనిపించుకోలేదు. సి.పి.బ్రౌన్ వలె నిఘంటువు కూర్చలేదు. పనికి సరిపడా భాష పట్టుకుని, ఆపైన పనిని ఈ నేల మనుషుల చేతుల్లో పెట్టడం మీదే దృష్టి నిలిపారు.

1857లో ఆయన అమెరికా వెళ్లిపోయారు. 60 ఏళ్లు పైబడిన వయసులో మిన్నెసోటాలో వలస జర్మన్ల మధ్య సంఘాలు కట్టి, 1860లో అక్కడి సినడ్‌కు తొలి అధ్యక్షుడయ్యారు. ఈలోగా 1861-65 అంతర్యుద్ధం అమెరికాను కుదిపేసింది. ఇండియాకు డబ్బూ మనుషులూ రావడం తగ్గిపోయింది. ఎరియాస్ ఉనంగ్‌స్ట్ అనే మిషనరీ దాదాపు ఒంటరిగా నెట్టుకొచ్చారు. 1850లో జర్మన్ మిషనరీల నుంచి సంక్రమించిన రాజమండ్రి క్షేత్రాన్ని మరో మిషన్‌కు అప్పగించే ఏర్పాట్లు మొదలయ్యాయి.

ఆ కబురు హయ్యర్‌ను నిలువనీయలేదు. 1869లో పెన్సిల్వేనియాలోని రీడింగ్ పట్టణంలో జరిగిన సంఘ సభలో, ఎవరూ వెళ్లకపోతే తానే వెళతానని లేచి నిలబడ్డారు. చేతిసంచితో సహా సిద్ధమై వచ్చారని చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు పైబడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో రాజమండ్రి చేరుకున్నారు. సాయంగా వచ్చిన యువ మిషనరీ ఎఫ్.జె.బెకర్ 1870లోనే మృతిచెందారు. ముసలాయన మిగిలారు, కుర్రవాడు పోయాడు. మరో మిషనరీ హెచ్.సి.ష్మిట్ వచ్చేవరకు ఓపిక పట్టి, పని ఆయనకు అప్పగించి 1871లో మూడోసారి, చివరిసారి ఓడ ఎక్కారు. రాజమండ్రి క్షేత్రం చెయ్యి జారిపోలేదు.

ఆయన వెనుక గుంటూరు మిషన్ చాలా మందిని చూసింది. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు. 1885లో ఆంధ్ర క్రైస్తవ కళాశాలకు బీజం పడింది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. గుంటూరు, రాజమండ్రి క్షేత్రాలు ఒకే గొడుగు కిందికి చేరాయి.

అమెరికా చేరిన హయ్యర్‌కు 1872లో ఫిలడెల్ఫియాలోని లూథరన్ వేదాంత కళాశాలలో పని ఇచ్చారు. విద్యార్థుల మంచిచెడ్డలు చూసుకునే వసతిగృహ పెద్ద, వారి ప్రార్థన గురువు ఆయనే. 1873 నవంబరు 7న 80వ ఏట కన్నుమూసేవరకు ఆ విద్యార్థుల మధ్యనే ఉన్నారు. పెన్సిల్వేనియాలోని సోమర్‌సెట్ దగ్గర ఫ్రీడెన్స్ గ్రామంలో, 34 ఏళ్ల ముందు మేరీని పాతిపెట్టిన చోటు పక్కనే ఆయనకూ సమాధి కట్టారు.