డెట్రాయిట్ కుర్రాడు వాల్టర్ పిట్స్

మేముండే డెట్రాయిట్‌లోనే 1923లో పుట్టాడు పిట్స్. చదువు మాని పనిలో చేరమని తండ్రి పోరుపెడితే 15 ఏళ్లకే ఇల్లు విడిచి షికాగో చేరాడు. చేతిలో డిగ్రీ లేదు, తలదాచుకునే చోటూ లేదు. వారెన్ మెకల్లక్ అనే డాక్టరు తన ఇంట్లోనే పెట్టుకున్నారు. పిల్లలు పడుకున్నాక ఇద్దరూ మెదడు గురించి లెక్కలు వేసేవారు.

1943లో వాళ్ల పేపరొచ్చింది. అందిన సంకేతాలు ఒక హద్దు దాటితేనే న్యూరాన్ స్పందిస్తుందనీ, అలాంటివాటిని వలలా అల్లితే తర్కం నడుస్తుందనీ చూపించారు. నేర్చుకోవడం మాత్రం ఆ వలకి రాదు, అది తర్వాతివాళ్ల పని. అయినా మనం రోజూ వాడే ఏఐకి వేరు అక్కడే ఉందంటాను.

ఎంఐటీలో నార్బర్ట్ వీనర్ కన్నకొడుకులా చూసుకుని, 1952లో ఉన్నట్టుండి తెగతెంపులు చేసుకున్నారు. పిట్స్ తట్టుకోలేకపోయాడు. థీసిస్ కాల్చేశాడు, తాగుడికి బానిసయ్యాడు. 1969 మేలో 46 ఏళ్లకే పోయాడు. నాలుగు నెలలకి మెకల్లక్ కూడా వెళ్లిపోయారు.