దోమకాటు వ్యాధిపై మందు చూపిన తెలుగు వైద్యుడు

తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి పండించే జవళగేర పరిసరాల వారికి దోమల బాధ కొత్తది కాదు. 2006లో ఉత్తర కర్ణాటకలో చికున్‌గున్యా ప్రబలినప్పుడు కీళ్లనొప్పులతో మంచం పట్టిన కుటుంబాలు ఎన్నో. అయితే బోదకాలు రాకుండా రాయచూరు జిల్లాలో పంచిన డి.ఇ.సి. మాత్ర ఒక తెలుగువాని ప్రయోగశాల నుండి వచ్చినదని ఎరిగినవారు తక్కువ.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి పాత్రులయ్యారు, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చింది. ఇంతలో స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన సోదరులిద్దరినీ కొద్ది దినాల తేడాతో బలిగొన్నది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపిందనుట అతిశయోక్తి కాదు.

1922లో భార్య శేషగిరిని స్వదేశంలో విడిచి బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వైద్యం అభ్యసిస్తూ, పొట్టకూటికి రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న కొలువు చేశారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు.

1940లో లెడర్లే సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది; సోదరులను కబళించిన స్ప్రూకు అది ఔషధమైంది. 1947లో డి.ఇ.సి. వెలువడింది. రక్తంలోని బోదకాలు పిల్లపురుగులను అది హరిస్తుంది. కుట్టిన దోమ పొరుగువానికి మోసుకుపోవుటకు పురుగు మిగలదు.

ఆ బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అమినోప్టెరిన్‌ను రూపొందించింది. అసలుదనుకొని క్యాన్సర్ కణం దానిని పట్టుకొని పెరుగుట మానుకొనును. సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు దానిని వాడి, తాత్కాలికంగానైనా ఉపశమనం చూపారు.

వేటగాడు దీమపు పిట్టను కట్టి అడవి పిట్టలను రప్పించినట్టిదే ఈ ఉపాయం. వైరస్‌లపై నేడు సాగే పరిశోధనలోనూ ఇట్టి దీమమే ఉన్నది. కణంలో చొరబడుటకు చికున్‌గున్యా వైరస్ పట్టుకొనే గ్రాహకాన్ని 2018లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. దాని నకలును ఎలుకల శరీరంలో వదలగా వైరస్ ఆ నకలునే పట్టుకొన్నది. వ్యాధి తీవ్రత తగ్గింది. మనుషులకు ఆ మందు ఇంకా అందలేదు.

సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్కు సమీపాన, పెర్ల్ రివర్‌లో నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లు. ఇరవయ్యారేండ్లలో ఒక్కసారైనా స్వదేశానికి రాలేదు. శేషగిరిని మరల చూడనే లేదు.