ఖగోళబోధకులు చింతామణి రఘునాథాచార్యులు

మన కర్నూలునకు ఉత్తరమున, కృష్ణ కావల, వనపర్తి కలదు. 1868 ఆగస్టు 18న అచ్చట పట్టపగలే చీకట్లు క్రమ్మెను. ఆ సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకై మద్రాసు నక్షత్రశాల వనపర్తికి పంపిన బృందమునకు నాయకులు చింతామణి రఘునాథాచార్యులు.

పంచాంగకర్తల వంశమున జన్మించిన ఆయన ఆ నక్షత్రశాలలో చిన్న కొలువున చేరి ప్రథమ సహాయకులైరి. వెలుగు పెరుగుచు తరుగుచుండు ఒక నక్షత్రమును 1867లో కనుగొనిరి.

అయితే గ్రంథాలయ పాఠకులు ఆయనను తలపవలసినది అందులకు కాదు. 1874 డిసెంబరు 9న శుక్రుడు నల్లని చుక్కవలె సూర్యబింబము మీదుగా సాగనుండెను. ఆ వింత మర్మమును ఆంగ్లము రానివారికిని విప్పి చెప్ప ఆయన పూనుకొనిరి. పాఠము వల్లించినట్లు గాక, ఒక సిద్ధాంతి ప్రశ్నించుచుండ తాము బదులు చెప్పునట్లు సంభాషణగా చిన్న పొత్తమును వ్రాసిరి. అది పలు దేశభాషలలో వెలువడెను. ఈ పద్ధతి పిల్లలకు మరింత ఇంపైనది. గుండ్రని దీపము ముందు మిరియపుగింజను మెల్లగా జరుపుచు, వారిని ప్రశ్నలడుగనిచ్చి చూడుడు. శుక్రుని నడక అరుగుమీదనే బోధపడును.

కంటికి కనబడు గ్రహస్థితిని అనుసరించి ఆయన దృగ్గణిత పంచాంగమును కూర్చగా, పాత వాక్యగణితమును నమ్మినవారు ఎదిరించిరి. తిథి మారినచో వ్రతమును మారును గదా, వారి కలవరము వట్టిది కాదు! అయినను ఆయన తమ లెక్కను విడువలేదు. దేశీయులే నడుపుకొను నక్షత్రశాల యొకటి వెలయవలెనని కూడ కోరిరి. 1880 ఫిబ్రవరి 5న ఆయన కన్నుమూయునాటికి ఆ కోరిక తీరలేదు.