చిన్న రైళ్లకు దారి గీసిన లిన్ వెస్ట్‌కాట్

రైలుమార్గం వేయబోయే ముందు నేలను కొలిచి పటం గీయడం ఎంత అవసరమో, గదిలో బల్లమీద నడిచే నమూనా రైలుకు కూడా అది అంతే అవసరం. ఈ విషయాన్ని ఒక శాస్త్రంగా తీర్చి, సామాన్య గృహస్థులకు సైతం గ్రంథరూపంలో అందించినవారిలో అమెరికా దేశీయుడైన లిన్ వెస్ట్‌కాట్ ముఖ్యుడు.

ఆయన 1913లో జన్మించాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరంలో 1934లో ఆరంభమైన ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రికలో దాని తొలినాళ్లలోనే చేరి, 1961 నుండి 1977 వరకు సంపాదకత్వం వహించాడు.

నమూనా రైళ్లపై మోజుపడినవారు సాధారణంగా చేసే పొరపాటు ఒకటున్నది. పట్టాలు చేతికి రాగానే బల్లమీద పరచి బిగించివేస్తారు. తీరా చూస్తే, వంపు మరీ బిగువై బండి పట్టాలు తప్పుతుంది. ఎగువ మరీ నిట్టనిలువై ఇంజను పెట్టెలను లాగలేకపోతుంది. మూలన పడిన బండిని తీయడానికి చేయి అందదు. కాగితంమీద తప్పును చెరిపివేయవచ్చు; కొయ్యమీద తప్పును ఊడబెరకవలసి వస్తుంది. 1956లో వెస్ట్‌కాట్ ప్రకటించిన నూటొక్క మార్గపటాల సంపుటి ఈ కష్టాన్ని తప్పించింది. చిన్న బల్లకు సరిపడేవి మొదలు గదినంతా ఆక్రమించేవాటి వరకు అందులో ఉన్నాయి. చదువరి తనకున్న స్థలాన్నిబట్టి ఒకదానిని ఎన్నుకొనవచ్చు, రెండింటిని పోల్చి నేర్చుకొనవచ్చు.

ఎంత జాగ్రత్తగా గీసినా పటం మార్చవలసిన అగత్యం కలుగుతుందని ఆయన ఎరుగును. అందుచేత బల్ల కట్టడానికే ఒక కొత్త పద్ధతి కల్పించాడు. రెండు పలకలను అంచుకు అంచు చేర్చి, ఇంగ్లీషు ‘ఎల్’ అక్షరం ఆకారంలో దూలంగా కూర్చి, దానిపై అడ్డకర్రలను క్రిందినుండి మరమేకులతో బిగించడమే ఆ పద్ధతి. పైన కొండలు, ఊళ్లు అమరిన తరువాత కూడా వాటిని చెదరగొట్టకుండా అడ్డకర్రను జరుపుకొనవచ్చు.

ఆయన కడపటి కృషి మరొకరిని గూర్చినది. 1913లోనే పుట్టిన జాన్ ఆలెన్ అనే ఛాయాగ్రాహకుడు, కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణంలో తన ఇంట, అసలు రైలులో 87వ వంతు పరిమాణంతో అద్భుతమైన రైలుమార్గాన్ని ఏళ్ల తరబడి నిర్మించాడు. 1973 జనవరిలో ఆయన మరణించాడు. కొద్ది రోజులకే ఆ ఇంట నిప్పంటుకొని, ఆ నిర్మాణంలో అధికభాగం నశించింది. ఆలెన్ తీసిన ఛాయాచిత్రాలను, ఆయన పద్ధతులను కూర్చి వెస్ట్‌కాట్ ఒక గ్రంథం సిద్ధపరచాడు. 1980లో వెస్ట్‌కాట్ కూడా కన్నుమూశాడు. గ్రంథం 1981లో వెలువడింది.

నిర్మించినవాడు లేడు, నిర్మాణం లేదు, గ్రంథకర్తా లేడు. అయినా ఆ కొండల నడుమ పట్టాలు ఏ వంపు తిరిగి ఏ వంతెన దాటేవో ఈనాటి విద్యార్థి ఆ పుటలలో చూచి, తన బల్లమీద తిరిగి ఆరంభించవచ్చు.