ఊరూరి కథకు ఊపిరి పోసిన మెకంజీ

ప్రతి ఊరికీ ఒక పుట్టుక కథ ఉంటుంది. అడవి కొట్టి పొలాలు చేసిన వారెవరు, చెరువు తవ్వించిన దాత ఎవరు, గుడికి మాన్యం రాసిచ్చిన ప్రభువు ఎవరు అన్న సంగతులు ఒకప్పుడు కరణాల కవిలెకట్టల్లో, పెద్దల నోళ్లలో భద్రంగా ఉండేవి. వాటిని రెండు శతాబ్దాల క్రితమే కాగితం మీదికి ఎక్కించిన ఘనత కల్నల్ కాలిన్ మెకంజీది. అవే నేడు మనం చెప్పుకొనే మెకంజీ కైఫీయత్తులు. అయితే దేశభాషలు రాని ఆ దొరకు తెలుగునేల చరిత్రను చదివి వినిపించిన వారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు.

గణితం నుంచి చరిత్రకు

మెకంజీ 1754లో స్కాట్లాండుకు చెందిన లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో జన్మించారు. తొలుత అక్కడే సుంకాల శాఖలో ఉద్యోగం చేశారు. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ జీవితచరిత్ర కోసం ఆ వంశీయుడొకరు సాగించిన కృషిలో పాలుపంచుకుంటూ హిందువుల గణితం పట్ల ఆసక్తి పెంచుకున్నారు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చారు. మదురైలో పండితుల పరిచయంతో ఆ ఆసక్తి గణితాన్ని దాటి శాసనాలు, పురాణగాథలు, రాజవంశాల వైపు మళ్లింది. 1794లో నల్లమల అడవుల నడుమ ఉన్న శ్రీశైలాన్ని దర్శించి, ఆలయ ప్రాకారంపై గల శిల్పాలను వర్ణిస్తూ వ్యాసం రాశారు.

తలుపు తెరిచిన బొర్రయ్య

యుద్ధాలు, సర్వేల మధ్య తీరిక లేని మెకంజీకి 1796లో కావలి వెంకట బొర్రయ్య తోడయ్యారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏళ్లు. పాత లిపులను కూడబలుక్కుని చదవడం, గ్రామస్తులను మాటల్లోకి దించి వివరాలు రాబట్టడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. తనకు భారతీయ విజ్ఞానపు తలుపులు తెరిచింది బొర్రయ్యేనని మెకంజీ తరువాతి కాలంలో ఒక లేఖలో స్పష్టంగా ఒప్పుకున్నారు.

1799లో టిప్పు సుల్తాన్ పతనానంతరం మైసూరు రాజ్యం సర్వే బాధ్యత మెకంజీపై పడింది. సుమారు 40 వేల చదరపు మైళ్ల భూభాగాన్ని కొలుస్తూనే ఆయన బృందం ఊరూరి వృత్తాంతాలను సేకరించింది. ఆ పని సాగుతుండగానే 1803లో బొర్రయ్య ముప్ఫై ఏళ్లయినా నిండకుండా కన్నుమూశారు. తమ్ముడు లక్ష్మయ్య ఆ బరువును తలకెత్తుకున్నారు. జైన పండితుడు ధర్మయ్య వంటి వారు ఆయనకు తోడుగా నిలిచారు. భూముల లెక్కలు అడిగేవారంటే శిస్తు పెంచుతారన్న భయం గ్రామాల్లో ఉండేది. ఆ అనుమానాన్ని పోగొట్టి, కరణాలను, అర్చకులను ఒప్పించడమే ఈ సహాయకులు చేసిన అసలు సేవ.

అమరావతి రాళ్ల సాక్ష్యం

1797లో మెకంజీ కృష్ణాతీరంలోని అమరావతికి వచ్చారు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త రాజధాని కట్టిస్తున్న రోజులవి. దీపాలదిన్నె అని పిలిచే దిబ్బలోంచి సున్నపురాతి పలకలు బయటపడుతుండగా, వాటిని నిర్మాణాలకు వాడేస్తున్నారు. 1816లో మెకంజీ తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వారు. ఎన్నో శిల్పాలు మాయమయ్యాయి. మిగిలిన వాటిని ఆయన తన చిత్రకారులతో కొలతలతో సహా గీయించారు. తరువాత జాడలేకుండా పోయిన కొన్ని పలకలకు ఆ చిత్రాలే నేటికీ ఆధారం.

రాయని గ్రంథం

1815లో మెకంజీ భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్‌గా నియమితులయ్యారు. సేకరించిన సామగ్రినంతా మథించి గ్రంథం రాయాలన్న కోరిక తీరకుండానే 1821 మే 8న కలకత్తాలో మరణించారు. ఆ సేకరణను ప్రభుత్వం ఆయన భార్య నుంచి లక్ష రూపాయలకు కొనుగోలు చేసింది. 1828లో విల్సన్ ప్రకటించిన పట్టిక ప్రకారం అందులో 1,568 గ్రంథాల రాతప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్లు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు ఉన్నాయి.

ఆగిన పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వచ్చారు. పాతికేళ్లకు పైగా ఈ పనిలోనే పండిన ఆయన విన్నపాన్ని 1830లలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ తోసిపుచ్చింది. అంతటి కార్యానికి ఐరోపా మేధావి అజమాయిషీ ఉండాలన్నది వారి అభిప్రాయం. చెప్పినవారు, సేకరించినవారు, చదివినవారు తెలుగువారే అయినా ఆ పని పగ్గాలు మాత్రం వారి చేతికి దక్కలేదు.

చెదలు తింటున్న ఆ కాగితాలను తరువాత సి.పి. బ్రౌన్ కొత్తగా నకళ్లు రాయించి సంపుటాలుగా కట్టించారు. వాటి నుంచి కడప జిల్లా కైఫీయత్తులు అచ్చులో వెలువడ్డాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. వారితోపాటే కవిలెకట్టలూ చాలా ఊళ్లలో అటకలెక్కి శిథిలమయ్యాయి. బొర్రయ్య, లక్ష్మయ్య నాడు గడపగడపకూ వెళ్లి అడిగి రాయకపోతే ఎన్నో ఊళ్ల పుట్టుక కథలు ఆ కట్టలతోనే మట్టిలో కలిసిపోయేవి. మెకంజీ పేరు తలచినప్పుడల్లా ఆ ఏలూరు సోదరుల పేర్లనూ కలిపి తలచుకోవడమే వారికి ఇవ్వదగిన గౌరవం.