పెన్సిలులోని పొరలు – కె. యస్. కృష్ణన్

రామన్ ఫలితము మాట వచ్చినప్పుడెల్ల కె. యస్. కృష్ణన్ పేరు వెనుక వరుసలోనే వినవచ్చును. 1928లో కలకత్తాలో ఆ పరిశోధన సాగిన దినములలో గురువునకు కుడిభుజమై నిలిచినవాడాయన. 1930 నాటి నోబెల్ బహుమానము మాత్రము రామన్ ఒక్కనికే లభించినది. అయినను కృష్ణన్‌ను ఆ నీడలోనే చూచుట అన్యాయము. ఆయన స్వార్జితము వేరొకటి కలదు.

1898లో తమిళదేశమందలి వత్రాప్‌లో పుట్టిన కృష్ణన్, ఢాకా విశ్వవిద్యాలయమున రీడరుగా చేరిన పిమ్మట స్ఫటికముల అయస్కాంత గుణములపై దృష్టి నిలిపెను. సాధనము మిక్కిలి సామాన్యము. సన్నని క్వార్ట్జు పోగునకు స్ఫటికమును వ్రేలాడదీసి, అయస్కాంత క్షేత్రమున నుంచి, పోగును పైనుండి మెలిపెట్టుచు పోవలెను. ఒకచోట స్ఫటికము గిరుక్కున తిరుగును. ఆ మెలికను కొలిచినచో, స్ఫటికమున దిక్కునకును దిక్కునకును గల అయస్కాంత భేదము తేలును.

1933లో కలకత్తాకు మరలివచ్చి, గాంగూలీతో కలసి ఆయన గ్రాఫైటును పరీక్షించెను. విద్యార్థుల పెన్సిలులోని నల్లని ద్రవ్యమిదియే. ఇందు కర్బన పరమాణువులు పొరలుగా నమరియుండును. ఒకే పొరలో పరమాణువుల ఎడము 1.42 ఆంగ్‌స్ట్రాములు, పొరల నడుమ 3.35. క్షేత్రము పొరలకు లంబముగా నున్నపుడు గ్రాఫైటు చూపు అయస్కాంత విముఖత, పొరల వెంట నున్నప్పటికంటె సుమారు 40 రెట్లు! విద్యుత్తు సైతము పొర వెంట సులభముగా ప్రవహించును, పొర దాటుటకు వెనుదీయును. ఎలక్ట్రానులు పొరలలో స్వేచ్ఛగా తిరుగుటయే మూలమని వారు 1941లో వివరించిరి.

1947లో కృష్ణన్ ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు తొలి డైరెక్టరయ్యెను, 1961లో మరణించెను. 2004లో మాంచెస్టరున గైమ్, నోవోసెలోవ్ అనువారలు జిగురుపట్టీతో గ్రాఫైటునుండి ఒక్క పొరను విడదీసి, అందు ఎలక్ట్రానుల నడకను కొలిచిరి. 2010లో వారికి నోబెల్ బహుమానము లభించినది.