తొంభై ఏళ్ళకూ ఓటరు ముందుకే వచ్చిన రైతు నేత

గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900 నవంబరు 7న రైతు కుటుంబంలో జన్మించిన ఆచార్య ఎన్.జి. రంగా ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివారు. మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. 1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన నిలిచారు. రైతు కార్యకర్తలకు శిక్షణనిచ్చేందుకు స్వగ్రామంలో విద్యాలయం నెలకొల్పారు.

సహకార వ్యవసాయం పేరిట రైతు చేతిలోని భూమి జారిపోతుందన్నది ఆయన భయం. ఆ కారణంగానే కాంగ్రెసును వీడి, 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి, దానికి తొలి అధ్యక్షులయ్యారు. 1962 సాధారణ ఎన్నికల్లో ఓడిపోయినా, అదే ఏడాది చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచారు. 1967లో చిత్తూరులో ఓడి, ఉప ఎన్నికలో శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు వెళ్ళారు. ఒక జిల్లా కాదంటే మరో జిల్లా రైతు ఆదరించాడు.

తరువాత ఆయన తిరిగి కాంగ్రెసులో చేరారు. 1977 నుంచి రాజ్యసభలో ఉన్నారు. ఊరూరా తిరిగి ఓట్లడగనక్కరలేని సభ అది. అయినా 1980లో, డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో, గుంటూరు నుంచి లోక్‌సభకు పోటీచేసి గెలిచారు.

అసలు పరీక్ష 1984 డిసెంబరులో వచ్చింది. రాష్ట్రమంతటా తెలుగుదేశం గాలి వీచింది. 42 స్థానాల్లో ఆ పార్టీకి 30 దక్కగా, కాంగ్రెసుకు మిగిలినవి ఆరే. ఆ ఆరింటిలో గుంటూరు ఒకటి. అప్పటికి రంగా వయసు ఎనభై నాలుగు. ఎనభై తొమ్మిదో ఏట, 1989లో, మళ్ళీ నెగ్గారు.

1991లో పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. అదే సంవత్సరం, తొంభై ఏళ్ళ వయసులో, గుంటూరులోనే మరోసారి పోటీకి దిగారు. ఈసారి తెలుగుదేశం అభ్యర్థి ఎస్.ఎం. లాల్‌జాన్ బాషా చేతిలో ఓటమి పాలయ్యారు.

పెద్దలు తప్పుకొని యువకులకు చోటివ్వాలన్న మాటలో న్యాయముంది. అయితే రంగా విషయంలో ఆ తీర్పు చెప్పింది ఓటరే. మూడుసార్లు చాలునన్నవారు లేకపోలేదు గాని, గెలుపు ఆయనదే అయింది. నాలుగోసారి ఓటరు వద్దన్నాడు.

1995 జూన్‌లో రంగా కన్నుమూశారు. రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆ మరుసటి సంవత్సరం ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం గుంటూరు సమీపాన లాంలోనే ఉంది.